తోడుకి షోకాజ్ నోటీసు

ఆ ఉదయం గోవర్ధనరావు మఫ్లరు కనిపించలేదు.

మంచం కింద వెతికాడు. బీరువాలో వెతికాడు. తలుపు వెనక మేకుకి తగిలించిన సంచులన్నీ దులిపాడు. డిసెంబరు రెండో వారం. కొండ కింద ఉన్న చింతలమెట్టలో ఆ రోజుల్లో ఎనిమిదైతేగాని ఎదురింటి గేటు కనిపించదు. మెడకి మఫ్లరు లేకుండా స్కూటరు మీద డెయిరీకి వెళ్లడమంటే దారిలో సగం మనిషి గడ్డకట్టిపోయి, మిగిలిన సగం వెళ్లి హాజరుపట్టీలో సంతకం పెట్టడమే.

"హైమా, నా మఫ్లరు చూశావా?"

"చూశాను" అంది హైమవతి వంటింట్లోంచి.

"ఎక్కడుంది?"

"పనిలో ఉంది."

గోవర్ధనరావు వంటింట్లోకి వచ్చి చూశాడు. గట్టు మీద మూలగా, బియ్యం డబ్బా పక్కన, అతని ఆకుపచ్చ మఫ్లరుని మూడు చుట్లు చుట్టుకుని, చివర బొడ్లో దోపుకుని, పెరుగు గిన్నె దర్జాగా కూచుని ఉంది.

"నా మెడ కంటే పెరుగు గిన్నె ఎక్కువైపోయిందా నీకు?"

"మీ మెడ తోడుకోనక్కర్లేదు కదండీ."

"తువ్వాలు చుట్టలేకపోయావా తల్లీ" అంది హాల్లోంచి అత్తగారు మాణిక్యాంబ, కప్పుకున్న దుప్పటిలోంచి ముక్కు మాత్రం బయటికి పెట్టి.

"నిన్న చుట్టాను అత్తయ్యా. పొద్దున్నకి పాలు పాలలాగే ఉన్నాయి. తువ్వాలుకి వేడి నిలవదు."

"పోనీ దుప్పటి?"

"అది మీ మీద ఉంది."

మాణిక్యాంబ ముక్కు లోపలికి తీసుకుంది. గోవర్ధనరావు మఫ్లరు కొస పట్టుకున్నాడు. "ఇప్పుడు విప్పకండి, ఇంకో గంట పడుతుంది" అంది హైమవతి. అతను విప్పాడు. పాలవాసన కొడుతున్న మఫ్లరు మెడకి చుట్టుకుని, స్కూటరుని నాలుగు తన్నులు తన్ని వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం పెరుగు గరిటెకి అందక జారిపోయింది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో "ఉప్పు" అన్న మాట తప్ప ఇంకో మాట వినపడలేదు.

హైమవతికి ఆ గిన్నె మీద అంత పట్టింపు ఎందుకంటే, అందులోని తోడు పంతొమ్మిదేళ్ల క్రితం ఆవిడతో పాటే ఈ ఊరికి కాపురానికొచ్చింది. పుట్టిల్లు గోదావరి ఒడ్డున. అక్కడ ఎండాకాలం పాలల్లో తోడువేసి స్నానానికి వెళ్లి వస్తే పెరుగు తయారు. అమ్మ చిన్న స్టీలు డబ్బాలో పోసి ఇచ్చిన ఆ తోడు చింతలమెట్ట మొదటి చలికాలంలో మూడు రోజులు అలిగింది. కోడలి హస్తవాసి మంచిది కాదని ఇంట్లో అప్పట్లో ఒక అభిప్రాయం ఏర్పడింది. నాలుగో రోజు గిన్నె ఒంపినా కదలని పెరుగు వచ్చింది. హైమవతి డిగ్రీలో సూక్ష్మజీవ శాస్త్రం చదువుకుంది కనక ఏం జరిగిందో ఆవిడకి తెలుసు. కంటికి కనపడని ఆ జీవాలు కొత్త చలిని పసిగట్టి, ఒంటి పైపొరలో కొవ్వు మార్చుకుని, తినడం తగ్గించి, నడక నెమ్మది చేసి, ఊరికి అలవాటుపడ్డాయి. ఆవిడకి అదే పని పూర్తి చేయడానికి మూడేళ్లు పట్టింది.

గోవర్ధనరావు పనిచేసేది పాల సహకార సంఘం వారి డెయిరీలో. నాణ్యతా విభాగం సూపరింటెండెంటు. అక్కడా పెరుగే, అక్కడా చలే. పెరుగు గదిని వెచ్చగా ఉంచే హీటరు పాడై నాలుగేళ్లయింది. కొత్త హీటరు ఫైలు ప్రతి డిసెంబరులో కదిలేది. మే నెలలో పైఅధికారి బల్ల మీదికి చేరేది. ఆయన నుదుటి చెమట తుడుచుకుంటూ "హీటరు అవసరం కనిపించుట లేదు" అని రాసి వెనక్కి పంపేవారు. అందుకని డెయిరీ పెరుగు ఎండాకాలం నాలుగు గంటల్లో, చలికాలం పదకొండు గంటల్లో తోడుకునేది. ఈ విషయం ఊళ్లో అందరికీ తెలుసు. కొత్తగా వచ్చిన మేనేజింగ్ డైరెక్టరు విశ్వంభరం గారికి తప్ప.

విశ్వంభరం గారు అంతకుముందు ఇరవైరెండేళ్లు రాజధానిలో సిబ్బంది ప్రవర్తనా నియమావళి రాసే విభాగంలో ఉన్నారు. ఎవరు ఎప్పుడు ఏది చేయకూడదో ఆయనకి కంఠతా వచ్చు. పాలంటే ఆయనకి కాఫీలో పోసుకునేవి.

మొదటి సమీక్షా సమావేశం అయిన రోజు గోవర్ధనరావు ఇంటికొచ్చి టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు గోడకేసి చూశాడు. హైమవతి కందిపప్పులో రాళ్లు ఏరుతోంది.

"ఏమైందండీ?"

"మే నెలలో నాలుగు గంటలు, డిసెంబరులో పదకొండు గంటలు ఎందుకయిందని అడిగారు. చలి సార్ అన్నాను. పనిచేసేది అదే సిబ్బందా అన్నారు. అదే బ్యాక్టీరియా సార్ అన్నాను. మేతలో ఏమైనా కోత పెట్టామా అన్నారు. లేదు సార్, అవే పాలు, పాలల్లో అదే చక్కెర అన్నాను."

"ఊఁ."

"'అంటే పూర్తి మేత తిని మూడోవంతు పని చేస్తున్నారన్నమాట' అన్నారు. నేనేదో సర్దిచెబుదామని, నువ్వు అంటూంటావే, అది చెప్పాను. పరిస్థితిని బట్టి అవి మారతాయి సార్, చలికి పైపొర కూడా మార్చుకుంటాయి అని."

హైమవతి చేట కింద పెట్టింది. "దానికేమన్నారు?"

"'యూనిఫాం మార్చుకున్నారా? ఎవరి అనుమతితో?' అన్నారు."

హైమవతికి నవ్వాగలేదు. గోవర్ధనరావు నవ్వలేదు. జేబులోంచి మడత కాగితం తీశాడు. నోటీసు ముసాయిదా రేపటికల్లా తనే రాయాలిట.

"ఎవరికి రాయాలిట?"

"దానికే. బ్యాక్టీరియాకి."

"అయితే ఏకవచనం వద్దు. కోట్లాది మంది ఉన్నారు, 'తమరు' అనండి" అంది హైమవతి. తప్పుల తడకగా కాగితం ఇల్లు దాటిపోవడం ఆవిడకి నచ్చదు. భర్త ఆఫీసు కాగితాలు పంతొమ్మిదేళ్లుగా ఆవిడే దిద్దుతోంది. ఇదీ దిద్దింది.

మర్నాడు పెరుగు గది గోడ మీద నోటీసు వెలిసింది. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, తమరు పూర్తి మేత స్వీకరించుచు, మే మాసమున నాలుగు గంటలలో ముగించిన కార్యమును డిసెంబరు మాసమున పదకొండు గంటలకు సాగదీసినట్లు దృష్టికి వచ్చినది. పైఅధికారుల పూర్వానుమతి లేకుండా వాతావరణమునకు అనుగుణముగా మారుట, చలి నెపమున పైపొర మార్చుకొనుట తీవ్రమైన క్రమశిక్షణా రాహిత్యము. తమపై చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను." చదువురాని సిబ్బందికి నోటీసుని చదివి వినిపించాలని నియమావళిలో ఉంది కనక, పెరుగు గది ఆపరేటరు పైడిరాజు మూడు పూటలా క్యాన్ల ముందు నిలబడి గట్టిగా చదివాడు. విన్నట్టు సాక్షి సంతకం వాచ్‌మన్ పెట్టాడు.

ఏడు రోజులైంది. సంజాయిషీ రాలేదు.

"నోటీసు అందుకున్నవాళ్లెవరూ ఇప్పుడు లేరు సార్" అని విన్నవించుకున్నాడు గోవర్ధనరావు.

"రాజీనామా చేశారా?"

"లేదు సార్. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఈ ఏడు రోజుల్లో ఎన్నో తరాలు మారాయి. ఇప్పుడున్నవి వాటి మునిమనవల మునిమనవలు."

విశ్వంభరం గారు కళ్లజోడు తీశారు. "అంటే నియామకాలపై నిషేధం అమల్లో ఉండగా మన ఆవరణలో గంటగంటకీ సిబ్బంది రెట్టింపవుతున్నారు. ఈ పోస్టులు ఎవరు మంజూరు చేశారు?"

"ఎవరూ చేయలేదు సార్."

"పోనీ, ఒకటి రెండైనప్పుడు అందులో సీనియరు ఎవరు?"

"ఇద్దరూ ఒకేసారి చేరినట్టు సార్."

"ఒకే రోజు చేరితే పుట్టినతేదీని బట్టి నిర్ణయించాలి."

"పుట్టింది కూడా అప్పుడే సార్."

"పేర్ల మొదటి అక్షరం?"

గోవర్ధనరావు ఇంటికొచ్చి ఈ సంగతి చెబుతూంటే మాణిక్యాంబ దుప్పటిలోంచి పూర్తిగా బయటికొచ్చి కూచుంది. "వాళ్లలో పెళ్లిళ్లుండవేంట్రా?" అంది. ఉండవని కోడలు చెప్పింది. "అదృష్టవంతులు" అంది ఆవిడ, మళ్లీ కప్పుకుంటూ.

మర్నాడు డెయిరీ తోడు మొత్తాన్ని విచారణ తేలేదాకా సస్పెండు చేశారు. సస్పెన్షనులో ఉన్నవారిని విధులకు వాడుకోకూడదు కనక పెరుగు తయారీ ఆగిపోయింది. నియమం ప్రకారం సస్పెండైనవారికి సగం భత్యం ఇవ్వాలి కనక వాటికి రోజూ సగం పాలు పోశారు.

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. ఇరవై ఎనిమిదో తేదీన ప్రమాణాల పరిశీలక సంఘం తనిఖీకి వస్తోంది. ఆ ఉదయం పన్నెండు క్యాన్ల పాలు తోడుపెట్టి, నాలుగు గంటల్లో తోడుకున్న పెరుగు వాళ్లకి చూపించాలి.

విశ్వంభరం గారు ఒక రోజంతా తలుపు వేసుకుని ఆలోచించి, ఒక సిద్ధాంతంతో బయటికొచ్చారు. పాత సిబ్బంది చెడిపోవడానికి కారణం, వాళ్లకి చలికాలం వచ్చిన సంగతి తెలిసిపోవడం. ఎవరో చెబుతున్నారు. కొత్త సిబ్బందికి ఆ సంగతి తెలియనివ్వకూడదు. అందుచేత పెరుగు గదిలో తక్షణం మే నెల అమలులోకి వస్తుంది.

"మొదట థర్మామీటరు తీసేయమన్నారు" అన్నాడు గోవర్ధనరావు ఆ సాయంత్రం. అతని గొంతు పట్టేసి ఉంది. "చలిగా ఉందని పుకారు పుట్టించేది అదేట."

"మీ మఫ్లరేదీ?" అంది హైమవతి.

"జప్తు చేశారు. ఉన్ని బట్టలన్నీ జప్తు. రికార్డు గదిలో పెట్టి తాళం వేయించారు. చలికాలం అన్న అనుమానం కలిగించే వస్తువులు ఎవరి ఒంటిమీదా కనపడకూడదుట. ఒప్పుకుని సంతకం పెట్టాను."

అతను సంతకం పెట్టడం హైమవతికి కొత్త కాదు. పంతొమ్మిదేళ్లలో ఏ కాగితం ముందు పెట్టినా పెట్టాడు. హీటరు అవసరం లేదన్న మే నెల కాగితాల మీద కూడా, "చూశాను" అని.

"ఇంకో మాట" అన్నాడు గోవర్ధనరావు, గ్లాసు అడుగు చూస్తూ. "ఇరవై ఎనిమిదిన తోడుకోకపోతే బాధ్యత నాదేట. నన్ను ఎగువకొండ పాల కేంద్రానికి పంపించేస్తారుట."

మాణిక్యాంబ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఎగువకొండ ఘాటు రోడ్డు మీద రెండు గంటల దూరం. అక్కడ పాలు చల్లబరచడానికి యంత్రం ఇచ్చారుగానీ, డబ్బా తీసి గుమ్మం బయట పెడితే సరిపోతుందని చెప్పుకుంటారు.

ఆ రోజు మఫ్లరు లేక ఇంట్లో పెరుగూ తోడుకోలేదు. మర్నాడు హైమవతి చీర మార్చుకుని, భర్త మరిచిపోయిన క్యారియరు తీసుకుని, మఫ్లరు సంగతి తేల్చుకోవడానికి స్వయంగా డెయిరీకి బయల్దేరింది.

పెరుగు గది గుమ్మం దగ్గర ఆవిడ ఆగిపోయింది. బయట మంచు ఇంకా విడలేదు. లోపల గోడ మీద పసుపు రంగు సూర్యుడు, పళ్లు కనపడేలా నవ్వుతూ. మూలన నీళ్లకుండ, దాని మీద తడిగుడ్డ. గుత్తులుగా వేలాడదీసిన ప్లాస్టిక్ మామిడికాయలు. అర చేతుల చొక్కాలు వేసుకున్న నలుగురు మనుషులు తాటాకు విసనకర్రలతో విసురుకుంటున్నారు. వాళ్ల పళ్లు టకటక కొట్టుకోవడం గుమ్మం దాకా వినపడుతోంది.

"అబ్బ, ఏం ఉక్కపోత" అన్నాడొకడు.

"ఒ-ఒ-ఒళ్లు మండిపోతోంది" అన్నాడు రెండోవాడు.

గంటకి నాలుగుసార్లు అలా అనాలని ఆదేశం. అన్నట్టు రాయడానికి పుస్తకం ఉంది.

పైడిరాజు విసనకర్ర చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు. "ఏటి సెప్పమంటారమ్మా. లోపల మే నెల, బయట డిసెంబరు. గుమ్మం దాటితే సాలు, ఐదు నెలలు తేడా వచ్చెస్తంది. మొన్న టీ తాగొచ్చినాను. డిసెంబరు వాసన పట్టుకొచ్చినావని మెమో ఇచ్చినారు."

"పాలకి చలి తెలియకుండా ఉంటుందా పైడిరాజూ?"

"పాలకి తెలీదో ఏటో గానీ అమ్మా, నాకు తెలస్తంది."

అప్పుడే విశ్వంభరం గారు వచ్చారు. సన్నటి లాల్చీ వేసుకున్నారు. చెవులు నీలంగా ఉన్నాయి. గోవర్ధనరావు భార్య అని తెలిసి నమస్కారం పెట్టారు.

"అమ్మా, మీ ఇంట్లో తోడు ఉందని విన్నాను. స్థానికత ఏమిటి?"

"గోదావరి ఒడ్డు అండీ."

"వేడి ప్రాంతం. చాలా సంతోషం. పాతవారు సస్పెన్షనులో ఉన్నందున తాత్కాలిక ప్రాతిపదికన మీ తోడుని తనిఖీ రోజుకి తీసుకుంటున్నాం. పూర్వచరిత్రలో మచ్చ లేదు కదా?"

"చలేస్తే నెమ్మదిస్తాయండీ" అంది హైమవతి. "పరిస్థితిని బట్టి ఎంతైనా మారతాయి. అబద్ధం మాత్రం చెప్పవు. చలేస్తే చలేసినట్టే ఉంటాయి."

"ఆ స్వభావం శిక్షణతో సరిదిద్దవచ్చు" అన్నారు విశ్వంభరం గారు, తుమ్ము ఆపుకుంటూ.

"మా వారి మఫ్లరు ఇప్పిస్తారా?"

"నిబంధనలు ఒప్పుకోవమ్మా."

"ఆ నిబంధన ఒకసారి చూడొచ్చా?"

అలా అడిగినవారు ఆయన ఉద్యోగ జీవితంలో ఎవరూ లేరు. సంబరపడిపోయి ఉత్తర్వు ప్రతి ఒకటి చేతిలో పెట్టారు. హైమవతి దాన్ని ఇంటికి తీసుకెళ్లి, కందిపప్పు ఏరినట్టే, ఒక్కొక్క మాటా ఏరి చదివింది. రెండుచోట్ల తప్పులు దిద్దింది. తొమ్మిదో పేరా దగ్గర ఆగి, వేలు పెట్టి, మళ్లీ చదివింది. తర్వాత సాయంత్రాలన్నీ పాలు కాచి, ఇంటి తోడుని గిన్నె నుంచి తపేలాకి, తపేలా నుంచి గుండిగకి పెంచింది. గుండిగకి మాణిక్యాంబ దుప్పటి చుట్టింది. మాణిక్యాంబ కిమ్మనకుండా పాత చీరలు నాలుగు పేర్చుకుని కప్పుకుంది. కొడుకు ఎగువకొండ వెళ్లకుండా ఉండడానికి ఆవిడ అంతకంటే ఎక్కువే ఇచ్చేది.

ఇరవై ఎనిమిదో తేదీ ఉదయం ఐదు లీటర్ల తోడుతో హైమవతి డెయిరీలో దిగింది. సంఘం వారు పదకొండింటికి వస్తారు. విశ్వంభరం గారు వాళ్లని ఎదుర్కోవడానికి విశ్రాంతి భవనానికి వెళ్లారు. పన్నెండు క్యాన్లలో పాలు కాచి పోసి, చెయ్యి పెడితే ఓర్చుకునేంత వెచ్చన ఉండగా హైమవతి తోడు కలిపించింది. సమయం ఏడున్నర.

"పావుగంటలో చల్లారిపోతాయి" అన్నాడు గోవర్ధనరావు. అతని మొహంలో ఎగువకొండ అప్పటికే కనిపిస్తోంది.

"రికార్డు గది తాళం ఎవరి దగ్గరుంది?"

"నా కాడే ఉందమ్మా" అన్నాడు పైడిరాజు.

"వద్దు హైమా! ఉన్ని బట్టలు వాడితే ఇంకేమైనా ఉందా? నిషేధం!"

హైమవతి చేతిసంచిలోంచి ఉత్తర్వు తీసింది. "తొమ్మిదో పేరా. 'సిబ్బంది తమ మెడ, తల, చెవులు, చేతులపై ఉన్ని వస్త్రములు ధరించరాదు.' సిబ్బంది అని ఉంది. క్యాన్ల గురించి ఎక్కడా లేదు. నేను రెండుసార్లు చదివాను."

గోవర్ధనరావు కూడా చదివాడు. పైడిరాజు చదవకుండానే పరిగెత్తాడు.

రికార్డు గదిలోంచి వారం రోజుల జప్తు బయటికొచ్చింది. స్వెటర్లు, శాలువాలు, మఫ్లర్లు, మంకీ టోపీలు, వాచ్‌మన్ భార్య అల్లిన ఎర్ర గొలుసుకుట్టు మేజోళ్లు. ఒక్కొక్క క్యాన్‌కీ స్వెటరు తొడిగారు. భుజాల మీద శాలువా కప్పారు. మూత మీద మంకీ టోపీ లాగి, మెడకి మఫ్లరు ముడేశారు. అడుగున వేడినీళ్ల తొట్లు పెట్టారు. గోవర్ధనరావు ఆకుపచ్చ మఫ్లరు మొదటి క్యాన్‌కి వచ్చింది. దాన్ని అతనే కట్టాడు, కొస దోపాడు, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. పంతొమ్మిదేళ్లలో అతను పెరుగుకోసం చేసిన మొదటి పని అదే.

పన్నెండు మంది పొట్టి పెద్దమనుషులు చలిమంటకి వచ్చి వరసగా కూచున్నట్టుంది. వాళ్ల చుట్టూ అర చేతుల చొక్కాల్లో నలుగురు మనుషులు వణుకుతూ విసురుకుంటున్నారు.

పదకొండున్నరకి సంఘం వారు వచ్చారు. ముందు నడిచిన అధ్యక్షుల వారు గుమ్మంలో ఆగారు. సూర్యుణ్ణి చూశారు. మామిడికాయల్ని చూశారు. మంకీ టోపీల్లో ఉన్న క్యాన్లని చూశారు.

"అబ్బ, ఏం ఉక్కపోత" అన్నాడు పైడిరాజు, టైము అయింది కనక.

"విశ్వంభరం గారూ, ఇదేమిటి?" అన్నారు అధ్యక్షుల వారు.

వరండా స్తంభం పక్కనుంచి చూస్తున్న హైమవతికి విశ్వంభరం గారి మొహం సగమే కనపడింది. ఆ సగంలో రెండు క్షణాల పాటు ఏ నియమమూ కనపడలేదు. మూడో క్షణానికి ఆయన తేరుకున్నారు.

"యూనిఫాం సార్" అన్నారు. "గతంలో వీరు అనుమతి లేకుండా పైపొర మార్చుకునేవారు. ఇప్పుడు సంస్థే అధికారికంగా పైపొర మంజూరు చేసింది. దానివల్ల సూక్ష్మస్థాయిలో క్రమశిక్షణ, సంస్థ పట్ల విధేయత పెంపొందాయి."

మొదటి క్యాన్ మఫ్లరు విప్పారు. మూత తీశారు. అధ్యక్షుల వారు చెంచా దింపారు. చెంచా నిలబడింది. అక్కడున్న ఆరుగురు సభ్యులూ చప్పట్లు కొట్టారు. గోవర్ధనరావు నిలబడలేక నీళ్లకుండ పక్కన కూలబడ్డాడు. "వడదెబ్బ" అని వివరించాడు పైడిరాజు.

తర్వాత అన్నీ చకచక జరిగిపోయాయి. సస్పెన్షను రద్దయింది. విశ్వంభరం గారికి దుశ్శాలువా కప్పారు. ఆ శాలువా కూడా జప్తు చేయాలా అని వాచ్‌మన్ అడిగాడు. జిల్లాలన్నిటిలో క్యాన్లకి యూనిఫాం పెట్టాలని ఉత్తర్వు తయారైంది. ఉన్ని మీద నిషేధం ఇంకా అమల్లో ఉన్నందున ఖాకీ నూలుబట్ట నిర్ణయించారు. మే నెలలో కూడా మంకీ టోపీ తప్పనిసరి. హీటరు ఫైలు శాశ్వతంగా మూసేశారు, క్రమశిక్షణ ఉన్నచోట హీటరు అవసరం లేదని.

ఒక్క కాగితం మిగిలింది. "పెరుగు సకాలమున తోడుకొనుటకు యూనిఫాం వలన కలిగిన క్రమశిక్షణయే కారణమనియు, వెచ్చదనమునకు ఇందు ప్రమేయము లేదనియు సాంకేతికముగా ధ్రువీకరించడమైనది." కింద గోవర్ధనరావు పేరు, సంతకానికి ఖాళీ జాగా. సంతకం పెడితే అతను రాష్ట్ర బ్యాక్టీరియా శిక్షణాధికారి. జీపు, పర్యటనలు, క్యాన్ల ముందు ఉపన్యాసాలు. పెట్టకపోతే ఏమిటో ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు.

ఆ కాగితం దిద్దమని అతను ఇంటికి తెచ్చాడు. హైమవతి చదివింది.

"తప్పులున్నాయా?"

"అక్షరాల్లో లేవండీ" అని వెనక్కి ఇచ్చేసింది. శనివారం అతను దాన్ని జేబులో పెట్టుకుని వెళ్లి, సాయంత్రం ఖాళీ జేబుతో తిరిగొచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ కింద కూచుని భోంచేస్తున్నారు. వంకాయ కూర అయింది, చారు అయింది. హైమవతి పెరుగు గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. డెయిరీ నుంచి తిరిగొచ్చిన ఆకుపచ్చ మఫ్లరు దానికి మూడు చుట్లు చుట్టి ఉంది. గోవర్ధనరావు దానికేసి చూసి గొంతు సవరించుకున్నాడు.

"సంతకం పెట్టలేదు" అన్నాడు.

మాణిక్యాంబ చెయ్యి కంచంలో ఆగిపోయింది. "మరేం చేశావురా?"

"వేరే కాగితం రాసిచ్చాను. రెండే ముక్కలు. 'చలిలో పెరుగు ఆలస్యంగా తోడుకుంటుంది. వెచ్చగా ఉంచితే తోడుకుంటుంది. హీటరు బాగుచేయించగలరు.'"

"అవి మూడు" అంది హైమవతి.

"మూడోది అర్జీ."

హైమవతి గరిటె పట్టుకుని అతని మొహం చూసింది. కాగితం తన చేత దిద్దించుకోకుండా అతను రాయడం ఇదే మొదలు. అందులో దిద్దడానికి ఏమీ లేదు కూడా.

"అయితే ఎగువకొండేనా?" అంది మాణిక్యాంబ.

"ఎగువకొండే. ఒకటో తేదీన చేరాలి. మనం వెళ్తున్నాం. అక్కడ చలి ఎక్కువని నాకూ తెలుసు. చలేస్తే చలేస్తోందని చెప్పుకుందాం, ఎవరూ మెమో ఇవ్వరు. పాల డబ్బాల దగ్గర నేనూ పైడిరాజే ఉంటాం. వాడు బదిలీ అడిగి మరీ వస్తున్నాడు, అక్కడ ఏడాదంతా ఒకటే నెలట."

"తోడు?" అంది మాణిక్యాంబ, గిన్నె కేసి చూస్తూ. "అక్కడికెళ్తే నిలుస్తుందా తల్లీ?"

"మూడు రోజులు అలుగుతుంది అత్తయ్యా. నాలుగో రోజు తోడుకుంటుంది."

"మరి వీడు?"

"ఆయన నిన్ననే తోడుకున్నారు."

గోవర్ధనరావు నవ్వాడు. ఆ నెలలో మొదటిసారి. మఫ్లరు కొస పట్టుకున్నాడు. విప్పలేదు. జారిన చుట్టు పైకి లాగి, ఆఫీసు గొంతుతో ప్రకటించాడు.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, సదరు ఆకుపచ్చ మఫ్లరు నేటి నుంచి పెరుగు గిన్నెకి శాశ్వత ప్రాతిపదికన కేటాయించడమైనది. నా మెడ సంగతి నేను చూసుకుంటాను."

"నోటిమాట చాలదు" అంది మాణిక్యాంబ. "రాసి సంతకం పెట్టరా. ఎల్లుండి చలికి మాట మారుస్తావు."

హైమవతి క్యాలెండరు కాగితం చింపి పెన్ను అందించింది. ఎంగిలి చెయ్యి పక్కన పెట్టి, ఎడం చేత్తోనే, గోవర్ధనరావు ఆలోచించకుండా సంతకం పెట్టేశాడు.